ఏ శ్రుతండీ మీది?

పద్యనాటకానికి హార్మోనియం వాయించేవాడు కొత్త ఊళ్ళో దిగగానే అడిగే మొదటి మాట స్టేజీ ఎక్కడ అనీ కాదు, భోజనం ఎన్నింటికి అనీ కాదు. "హరిశ్చంద్రుడిది ఏ శ్రుతండీ?" అని. నాలుగున్నర అంటే ఒక లెక్క, ఐదున్నర అంటే ఇంకో లెక్క. వేషం కట్టే ఆయన పేరేమిటో, ఏ ఊరో, మొహం ఎలా ఉంటుందో తెర లేచేదాకా తెలియకపోయినా నాకు ఇబ్బంది లేదు. శ్రుతి తెలియకపోతే మాత్రం మొదటి పద్యానికే ఇద్దరం బజార్న పడతాం.

కాంట్రాక్టు నాటకం పద్ధతే అంత. ఊళ్ళోవాళ్ళు జాతరకో శ్రీరామనవమికో నాటకం కావాలనుకుంటారు. కాంట్రాక్టరుతో మాట్లాడుకుని బయానా ఇస్తారు. ఆయన కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, అర్జునుణ్ణి ఇంకో ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి పక్క జిల్లా నుంచి పిలుస్తాడు. కిరీటాలు, గదలు, తెరలు డ్రస్సు సప్లయి వాళ్ళవి. తబలా ఒకచోటి నుంచి, హార్మోనియం ఒకచోటి నుంచి. సాయంత్రానికి అందరూ ఆ ఊరు చేరతారు, మొహాలకి రంగు పూసుకుంటూ పలకరింపులు కానిస్తారు, రాత్రి తొమ్మిదిన్నరకో పదింటికో తెర లేస్తుంది. రిహార్సల్ ఊసే ఉండదు. నాటకం అందరికీ నోటికొచ్చు కాబట్టి సరిపోతుంది. ఒకే కృష్ణుడి వేషాన్ని ముగ్గురు పంచుకున్న రాత్రులున్నాయి. పడకసీను ఒకాయన, రాయబారం ఒకాయన, యుద్ధరంగం ఇంకొకాయన. ముగ్గురివీ మూడు శ్రుతులు. వాళ్ళు మారిపోతుంటారు, నేను మాత్రం తెల్లవారేదాకా అదే కుర్చీలో.

నాకు ఈ విద్య చెప్పిన గురువుగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఏ కంపెనీకీ కట్టుబడి ఉండలేదు. పెట్టె తనది, చేతులు తనవి. పిలిచిన ఊరు వెళ్ళడం, తెల్లారాక డబ్బు పుచ్చుకుని రైలెక్కడం. "మనకి యజమాని లేడని సంబరపడకురా, రోజుకో యజమాని" అనేవాడు. ఆయన వెనక పెట్టె మోస్తూ తిరిగిన రోజుల్లో ఈ బతుకు మా తరంలోనే వచ్చిందనుకునేవాణ్ణి. తర్వాత నాలుగు పుస్తకాలు చదివి, పాతవాళ్ళని నాలుగు మాటలు అడిగితే తెలిసింది, తెలుగు నాటకమే ఇలాంటి మజిలీల్లో పుట్టిందని.

1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి ఒక నాటక కంపెనీ మన ఊళ్ళ మీదుగా వచ్చింది. రాజమండ్రిలో పాక వేసుకుని ఆడారు. నాటకాలు హిందీ, పాటల పోకడ మరాఠీ. ఆడినన్నాళ్ళు ఆడి వాళ్ళు వెళ్ళిపోయారు, పాక మిగిలింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ పాకలోనే తన విద్యార్థుల చేత 'చమత్కార రత్నావళి' ఆడించారు. షేక్స్‌పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కి అది తెలుగు రూపం. కథ ఇంగ్లండుది, పాక ధార్వాడ వాళ్ళది, మాటలూ కుర్రాళ్ళూ మనవాళ్ళు. బందరులో ఇంకో చిత్రం. అక్కడ నాదెళ్ళ పురుషోత్తమకవి ముప్పైకి పైగా నాటకాలు హిందుస్తానీలోనే రాశారు, తెలుగు లిపిలో. ధార్వాడ వాళ్ళు పోయినా వాళ్ళ మోజు పోలేదన్నమాట. తెలుగువాళ్ళు తెలుగు అక్షరాలు చూసి హిందుస్తానీ మాటలు వల్లెవేసి, తెలుగువాళ్ళ ముందు ఆడారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. అర్థంకాని భాషలో నాటకాన్ని నిలబెట్టింది ఏమిటో మా వృత్తిలో ఉన్నవాడికి తెలుసు.

బళ్ళారిలో ప్లీడరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సరసవినోదినీ సభ కోసం 'చిత్రనళీయం' రాసి 1887లో ఆడించారు. నాటకంలోకి పాటలు దండిగా దించింది ఆయనే. 1891లో ఆ సభ మద్రాసు వెళ్ళి ఆడితే, చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ ముదలియారు అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడున్నాడు. అదే ఏడు ఆయన సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకానికి పెద్దదిక్కయ్యాడు. రాజమండ్రికి ధార్వాడ వాళ్ళు చేసిందే మద్రాసుకి బళ్ళారి వాళ్ళు చేశారు. చేస్తున్నామని ఇద్దరూ అనుకుని ఉండరు. మజిలీకి వచ్చినవాడి ధ్యాసంతా ఆ రాత్రి టిక్కెట్లు తెగాయా లేదా అన్నదే.

అలా వచ్చిపోయిన కంపెనీలు మనకి వదిలివెళ్ళిన వాటిలో నా చేతికి రోజూ తగిలేది రాగాల సంచీ. పాత నాటకాల పుస్తకాలు తిరగేస్తే పాట మీద ఫలానా పార్శీ పాట మట్టు అనో, ఫలానా జావళి మట్టు అనో అచ్చువేసి ఉంటుంది. ఒంటరిగా కూర్చుని పద్యం పాడమంటే మన పెద్దలు పాడే తీరు వేరు. రంగస్థలం పద్యంలో బేహాగ్, భీంపలాస్, పీలూ, జోన్‌పురి వినబడుతున్నాయంటే అవి ఆ కంపెనీల బళ్ళ వెంట వచ్చినవే. వాటి పక్కనే మోహన, కానడ, ముఖారి, శహన సొంత చుట్టాల్లా సర్దుకుని కూర్చున్నాయి.

మా పెట్టె కూడా పరాయి ఊరి సొత్తే. పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ 1842లో హార్మోనియానికి పేటెంటు పుచ్చుకున్నాడు. పాదిరీల వెంటా దొరల ఇళ్ళ వెంటా అది ఈ దేశం చేరింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ ఇంకో చేత్తో వాయించే చిన్న పెట్టెగా మార్చాడు. భజనకీ ఇంటికీ అది సరిపోయింది. నాటకానికి మాత్రం కాళ్ళ హార్మోనియమే నిలిచింది. తొక్కుడు కాళ్ళది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. గాలి తెగదు, మోత ఎక్కువ. కుర్చీలో కూర్చుంటాం గనక నటుడి మొహం ఎదురుగా ఉంటుంది. మడిస్తే పెద్ద సూట్‌కేసంత అవుతుంది, కూలీ నెత్తిన పెట్టొచ్చు. ఊరూరా తిరిగేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

శాస్త్రం తెలిసినవాళ్ళు దీన్ని ఎప్పుడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారుడు ఉండదు, గమకం పలకదు, స్వరాల కొలత మనది కాదు అని ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే. టాగూరుకి ఇదంటే గిట్టేది కాదు. ఆలిండియా రేడియో 1940 మార్చి నుంచి దీన్ని నిషేధించింది, ఆ కట్టు కాస్త సడలింది 1971లో. విజయవాడ రేడియో కేంద్రం మొదలైన 1948 డిసెంబరు ఆ నిషేధం మధ్యలోనే పడింది. మైకు ముందుకి రానివ్వని ఆ వాద్యమే జాతరల్లో తెల్లవార్లూ మోగుతూ వచ్చింది. కచేరీలో పాడేవాడికి తంబురా ఉంటుంది, వెనక నిశ్శబ్దం ఉంటుంది. జాతర నాటకంలో పసిపిల్లల ఏడుపులు, వేరుశనక్కాయల బేరాలు, పెట్రోమాక్సు దీపాల బుసలు. ఆ గోలలో నటుడికి ఆనుకోవడానికి ఒక గోడలాంటి శ్రుతి కావాలి. వయొలిన్ ఎంత గొప్పదైనా ఆ పని చెయ్యలేదు.

మైకులు లేని రోజుల్లో గొంతు ఆఖరి వరసకి చేరాలంటే పై శ్రుతే గతి. అందుకని నాటకాల మగవాళ్ళు నాలుగు, నాలుగున్నర, ఐదు, కొందరు ఐదున్నర దాకా పాడేవాళ్ళు. మైకొచ్చాక ఆ అవసరం పోయినా అలవాటు చాలాకాలం పోలేదు. పై శ్రుతి అంటే మగతనం కింద లెక్క.

కంపెనీలు బతికున్న కాలంలో మాలాంటి ఒంటరివాళ్ళ అవసరం తక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన బృందంలో వేషం వేసేదీ వాద్యం వాయించేదీ ఇంటివాళ్ళే. పిల్లలు ఉయ్యాల్లోనే శ్రుతి వింటారు. బెజవాడలో మైలవరం జమీందారీ అండతో నడిచిన బాలభారతీ సమాజంలో కపిలవాయి రామనాథశాస్త్రి పాడిన పద్యాలు గ్రామఫోను ప్లేట్లకెక్కాయి. ఇక్కడో సంగతి గమనించాలి. ప్లేటు వచ్చాక ఏ కొత్త ఊరూ పూర్తిగా కొత్త ఊరు కాకుండా పోయింది. నటుడు దిగకముందే అతని పద్యం హోటల్లో మోగి ఉంటుంది. జనం ఆ పద్యాన్ని చెవిలో పెట్టుకుని వచ్చి కూర్చుంటారు, ఇవాళ్టి పద్యాన్ని దాని పక్కన నిలబెట్టి చూస్తారు.

1932లో తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో వేసినవాళ్ళలో సురభి వాళ్ళున్నారు. నాటకశాలలు ఒకటొకటే సినిమా హాళ్ళయ్యాయి, కంపెనీలు చితికాయి. మిగిలిన నటులు విడివిడిగా పేరున్న మనుషులు, వాళ్ళని రాత్రికో చోట కలిపే మనిషి కాంట్రాక్టరు. హార్మోనిస్టుల దశ తిరిగింది అప్పుడే. ఏ నటుడికీ సొంత వాద్యగాడు లేడు, అందరికీ ఎవడో ఒకడు కావాలి. ఈలపాట రఘురామయ్య కృష్ణుడుగా పద్యం పాడి, నోట్లో వేలుపెట్టి అదే పద్యాన్ని ఈలవేసి వినిపించేవాడట. గొంతుకి తోడుపోవడమే కష్టం, ఈలకి తోడు పోయినవాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. తెలుగువాళ్ళు ఎక్కడుంటే నాటకం అక్కడికి పోయింది. స్థానం నరసింహారావు ఓడెక్కి రంగూన్ వెళ్ళి అక్కడి తెలుగువాళ్ళ చేత బంగారు కిరీటం పెట్టించుకొచ్చాడు. నేను ఓడెక్కలేదు. నాకు దక్కింది ఖరగ్‌పూర్.

అది ఎనభైల మొదట్లో. అప్పటికి నేను ఇటు నెల్లూరు, అటు విశాఖపట్నం దాటి ఎరగను. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఖరగ్‌పూర్‌ని జంక్షన్ చేసి, అక్కడే పెద్ద వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికని వెళ్ళిన జనం తరాలుగా అక్కడే ఉండిపోయారు. చుట్టూ బెంగాల్, ఆఫీసులో హిందీ, ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు. నిమ్‌పురా, మథురాకాటి పేటల్లో తిరిగితే మన పలకరింపులు వినబడతాయి. ఎండాకాలం ముందు అమ్మవారికి మాతాపూజ చేస్తారు, ఆ హడావిడిలోనే నాటకం. హౌరా మెయిల్లో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని, బరంపురం, కటకం, బాలాసోర్ దాటి దిగాను. ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు. పెట్టె మోయించుకుంటూ దాని కొస నుంచి కొసకి నడిచిన మనిషిగా నాకు ఆ మాట మీద అనుమానం లేదు.

గేటు దగ్గర కమిటీ పెద్దాయన ఎదురొచ్చాడు. "ఏటి బాబూ, ఒక్కలే వచ్చేరేటి? గుంటల్ని స్టేషనుకి తోలేను కదా, కనబళ్ళేదా?" అన్నాడు. నా ప్రశ్న నేను అడిగాను. "శ్రుతేటో నాకేటి తెలుస్తాది బాబూ. గట్టిగా పాడతాడు" అన్నాడు. ఆ జవాబు నేను చాలా ఊళ్ళలో విన్నదే.

హరిశ్చంద్రుడు విజయనగరం వైపు ఆయన. సాయంత్రం మేకప్ చోట కలిశాం. మొహం సగం రంగులో ఉంది. "ఏ శ్రుతండీ మీది?" అంటే, అద్దంలోంచే నన్నొకసారి చూసి "నాలుగున్నరండి మేస్టారూ" అన్నాడు. అంతకుమించి మాటల్లేవు. అనుభవమున్న నటుడు కొత్త హార్మోనిస్టుతో ఎక్కువ మాట్లాడడు. మాటల్లో తేలేది కాదు కాబట్టి.

పద్యానికి తాళం లేదు. పద్యం నడిచినంతసేపూ తబలా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నటుడు ఎత్తుగడ ఎత్తుకుంటాడు, కొంత పాడి ఊపిరి తీసుకుంటాడు, ఆ ఖాళీలో హార్మోనియం పలకాలి. ఆయన పాడేటప్పుడు మీద పడకూడదు, ఆపినప్పుడు వెనకబడకూడదు. సీసమైతే ఎక్కడ విరుస్తాడో, కింది తేటగీతిని అదే రాగంలో ఉంచుతాడో మారుస్తాడో కనిపెట్టుకోవాలి. ఒక్కొక్కరిది ఒక్కో అలవాటు. కొత్త ఊళ్ళో కొత్త నటుడి అలవాటు తెలుసుకోవడానికి మనకుండే వ్యవధి మొదటి పద్యం ఒక్కటే. నన్నడిగితే హార్మోనిస్టు పనితనమంతా ఆ మొదటి పద్యంలోనే ఉంది. రాగాలు కష్టపడితే ఎవరికైనా వస్తాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఊపిరిని ఒక్క పద్యంలో పట్టుకోవడం అలా రాదు.

మొదటి పద్యం ఆయన మోహనలో అందుకున్నాడు. నాలుగున్నర అంటే నాలుగో తెల్లమెట్టుకీ ఐదో తెల్లమెట్టుకీ మధ్యనున్న నల్లమెట్టు మీద షడ్జమం. అక్కణ్ణించి మోహన వాయిస్తే రిషభం, గాంధారం, పంచమం, ధైవతం అన్నీ నల్లమెట్ల మీదే పడతాయి. ఐదు స్వరాలు, ఐదు నల్లమెట్లు. తెల్లమెట్టు అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ కిటుకు మొదటివారంలోనే చూపిస్తారు, అంత తేలిక. నేనూ కులాసాగానే వాయించాను. పద్యం చివర రాగం తీసి నిలిపాడు, పందిరి వెనకవైపు నుంచి వర్క్‌షాపు కుర్రాళ్ళ గుంపు "వన్స్ మోర్!" అని లేచింది.

వన్స్ మోర్ మీద పెద్దవాళ్ళు చాలా వేళాకోళాలు చేశారు. చచ్చి పడున్న పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్ళీ పడుకుంటుందని. అది అబద్ధమేమీ కాదు. కానీ వన్స్ మోర్ అంటే మొదటిసారి పాడిందే మళ్ళీ పాడటమని అనుకునేవాళ్ళు దగ్గర కూర్చుని వినలేదని అర్థం. ఈయన ఒక అడుగు ముందుకొచ్చాడు. నాకేసి చూడలేదు. నేను ఆయన గొంతుముడికేసి చూస్తున్నాను. మా గురువుగారు నేర్పిన విద్య అది, చెవికన్నా ముందు కంటికి తెలుస్తుందని. ఊపిరి పీల్చి నిలిపినప్పుడు ఆ ముడి ఇందాకటి చోట ఆగలేదు, ఒక పిసరు పైకి లేచింది. ఐదుకి వెళుతున్నాడు.

చెప్పకుండా అర శ్రుతి ఎక్కడం నాటకాల్లో ఉన్నదే. కొంత గొంతు కాగడం వల్ల, కొంత కొత్తవాణ్ణి తూచి చూద్దామని. ఐదు అంటే తెల్లమెట్టు. అక్కణ్ణించి మోహన వాయిస్తే ఐదు స్వరాలూ తెల్లమెట్ల మీదే, ఒక్క నల్లమెట్టు తగలదు. అదే రాగం, అదే పద్యం, వేళ్ళు మాత్రం పైమెట్ల మీంచి మొత్తంగా కిందికి దిగాలి. పైగా నల్లమెట్లు గుంపులుగా ఉంటాయి, వేలికి గుర్తు దొరుకుతుంది. తెల్లవి అన్నీ ఒకేలా పరిచి ఉంటాయి. ఆయన మొదటి అక్షరం పలకడమూ నా చిటికెనవేలు కొత్త షడ్జమం మీద పడటమూ ఒక్కసారే జరిగాయి. మొదటి పాదం చివర ఆయన నాకేసి తిరిగాడు. తల ఊపలేదు, నవ్వలేదు. తర్వాత నాటకమంతా ఐదులోనే పాడాడు. మా ఇద్దరికీ అంతే సంభాషణ.

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఈ హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి నటులు గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు కూడా అందుకుంటారు. నాటకం పుస్తకంలో అవి ఉండవు. రంగస్థలం మీద మాత్రం అవి లేకపోతే జనం ఊరుకోరు. డి.వి.సుబ్బారావు పాడిన కాటిసీను ఎప్పుడో ఆ పేటలకి చేరిపోయింది. ముందు వరసలో పదేళ్ళ పిల్లలు కూర్చున్నారు. తమలో తాము హిందీలో కొట్టుకుంటున్నారు. వాళ్ళకి తెలుగు చదవడం రాదని పక్కన తల్లులే చెప్పారు. కాటి పద్యాలు మొదలయ్యాక చూస్తే ఆ పిల్లల పెదాలు నటుడి కన్నా ముందు కదులుతున్నాయి. ఒక పాదం దగ్గర ఈయన సొంత విరుపు వేస్తే, ఒక గుంటడు తప్పు పాడాడన్నట్టు మొహం చిట్లించాడు. మా జిల్లాలో అంత కచ్చితమైన శ్రోత నాకు ఎప్పుడూ దొరకలేదు. ఊరు వదిలి పోయినవాళ్ళు పద్యాన్ని మనకన్నా జాగ్రత్తగా, కొంచెం మొండిగా కూడా పట్టుకుంటారనిపించింది. మనకి ఒకటి మారితే ఇంకోటి ఉంటుంది. వాళ్ళకి ఉన్నది అదే.

తెల్లారాక డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. జీతాలరోజు ఇంటింటికీ తిరిగి పోగుచేసినవి, అన్నీ చిన్న నోట్లు. ఆ పక్క వీధిలో పిల్లలకి సంగీతం చెప్పే బెంగాలీ ఆయన రాత్రంతా స్టేజీ వారన నిలబడి చూశాడట, నన్ను టీకి పిలిచాడు. వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. ఆయనకి నాటకం ఒక్క ముక్క అర్థం కాలేదు. నల్లమెట్ల మీంచి తెల్లమెట్ల మీదికి వేళ్ళు మారడం మాత్రం చూశాడు. "ఇంత కష్టం ఎందుకు?" అని తన పెట్టె తెరిచి చూపించాడు. కలకత్తా చేత, స్కేల్ చేంజర్. పక్కనున్న పిడి ఎత్తి జరిపితే మెట్ల పలక మొత్తం పక్కకి జరుగుతుంది. వేళ్ళు ఎప్పుడూ వాయించే చోటే వాయిస్తాయి, శ్రుతి మారుతుంది. నేను అలాంటిది చూడటం అదే మొదలు. టాగూరు గారు ఈ పెట్టెని దగ్గరికి రానివ్వలేదనీ, అయినా ఆడపిల్ల ఉన్న ప్రతి బెంగాలీ ఇంట్లోనూ ఇది ఉంటుందనీ ఆయనే నవ్వుతూ చెప్పాడు. పెట్టె బాగుంది, నేనూ ఒప్పుకున్నాను. ఇంట్లో పాడేవాడు శ్రుతి ముందే చూసుకుని మొదలుపెడతాడు, అతనికి బాగుంటుంది. పద్యం ఎత్తుగడకీ దాని ముందు ఊపిరికీ మధ్య పలక జరిపే తీరిక మాకెక్కడిది? నేను ఆ పెట్టె కొనలేదు.

ఆ తర్వాత బిలాస్‌పూర్, భిలాయి, జంషెడ్‌పూర్ నుంచి కూడా పిలుపులొచ్చాయి. తెలుగువాళ్ళు పనికి పోయిన రైలు ఊళ్ళు, ఇనుము ఊళ్ళు. ఎక్కడికెళ్ళినా మనిషి మారతాడు, పని అదే. తొంభైల్లో పిలుపులు పలచబడ్డాయి. జాతరకి నాటకం బదులు రికార్డింగ్ డాన్సులు, ఆర్కెస్ట్రాలు వచ్చాయి. పద్యనాటకం బతికున్నది ఎక్కువగా పోటీల్లో. పోటీ నాటకానికి టైము ఉంటుంది, గంట కొడతారు. వన్స్ మోర్‌కి చోటు లేదు. నటులు నెలరోజులు రిహార్సల్ చేసుకుని వస్తారు, శ్రుతి ముందే నిర్ణయం. నాటకానికి అది మంచిదే, కట్టుదిట్టంగా ఉంటుంది. నాకు మాత్రం చేసే పని సగమై, మిగతా సగం ఖాళీగా కూర్చున్నట్టుంటుంది. శ్రుతులు కూడా దిగాయి. మైకు పుణ్యమా అని ఈ మధ్య మూడున్నర హరిశ్చంద్రుల్ని కూడా చూశాను. వాళ్ళ గొంతులు బాగానే ఉన్నాయి. పై శ్రుతిలో అరిచి అరిచి నలభై ఏళ్ళకే గొంతు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి, ఇది దిగజారడమని నేను అనను.

ఇప్పుడు కీబోర్డు కుర్రాళ్ళొచ్చారు. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే నాలుగున్నర ఐదవుతుంది, వేళ్ళు కదలక్కర్లేదు. బెంగాలీ ఆయన పలకకన్నా త్వరగా మారుతుంది. పోయిన ఏడాది రేపల్లె వైపు ఒక ఊళ్ళో కాంట్రాక్టరు మా ఇద్దర్నీ పిలిచాడు, పద్యాలకి నేను, పాటలకీ చప్పుళ్ళకీ ఆ కుర్రాడు. కాటిసీనులో వాన కావాలంటే వాన, ఉరుము కావాలంటే ఉరుము, నక్క కూత కావాలంటే నక్క కూత, అన్నీ అతని పెట్టెలోనే ఉన్నాయి. తెల్లారాక లెక్క చూస్తే నాకన్నా అతనికి ఐదొందలు ఎక్కువ ముట్టింది. కుర్రాడు మొహమాటపడి, "మీకు తక్కువ ఇచ్చారేంటి మేస్టారూ" అన్నాడు. న్యాయమే కదా నాయనా అన్నాను, నేను ఉరమలేను.